యూరప్ బండికి నేను పెట్టిన మెరుపు

మంచు కొండల దాకా వెళ్లాల్సిన ఒక మోటారు సైకిలును షువైఖ్ గ్యారేజీ గేటు దాటగానే నేలమీద పడుకోబెట్టిన ఘనుడిని నేను. దాన్ని నడిపానా అంటే లేదు, కనీసం తాళం కూడా తిప్పలేదు. వెనక సీటులో బుద్ధిగా కూర్చునే ఆ పని చేశాను. ఎలాగో చెబుతాను గానీ, భోజనం చేస్తూ చదవకండి, పొలమారుతుంది.

కువైట్‌లో జేబుకో సెల్‌ఫోను అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మాది కోనసీమ, ముమ్మిడివరం దగ్గర. నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానిని అక్కడ కఫీల్ అంటారు. మా కఫీల్ గ్యారేజీలో కార్లు కడిగి పాలిష్ పెట్టడం నా పని. ఆ పనిలో నన్ను మించినవాడు గల్ఫు మొత్తంలో లేడని నాకు గట్టి నమ్మకం. డొక్కు ట్రక్కయినా సరే, నా చేయి పడిందంటే టైర్లు కొత్త బూట్లలా నిగనిగలాడాల్సిందే.

కఫీల్ కొడుకు యూసుఫ్. మిష్రిఫ్‌లో ఉండేవాడు, నా ఈడువాడే. ఒకరోజు ఎర్రటి స్పోర్ట్స్ బండి మీద గ్యారేజీలోకి వచ్చాడు. తుడుస్తున్న గుడ్డ నా చేతిలో అలాగే ఉండిపోయింది. అంతకుముందు నేనెరిగిన మోటారు సైకిళ్లన్నీ పాల క్యాన్లో కొబ్బరి గెలలో మోసేవే. ఇది నిలబడి ఉన్నా పరిగెడుతున్నట్టే ఉంది. ఇంజను ఆపిన తర్వాత కూడా ఆ చప్పుడు నా చెవుల్లో కాసేపు తిరిగింది. నిజం చెప్పొద్దూ, దండం పెట్టాలనిపించింది. ఎవరూ చూడకుండా పెట్టేశాను కూడా.

స్నేహితులతో కలిసి యూరప్ అంతా ఆ బండి మీద తిరగబోతున్నాడట. గోడకు మ్యాపు అంటించి, మంచు కొండల్లో దారిని వేలితో చూపించాడు. జిలేబీ చుట్టినట్టు ఉంది ఆ దారి. మనిషనేవాడు అక్కడ బండి నడుపుతాడంటే నా ఒళ్లు జలదరించింది. వెనకాల సామాన్ల వ్యాను తోలడానికి గ్యారేజీ మనిషి ఒకడు కావాలట.

"సూరీ, నువ్వొస్తావా?" అన్నాడు హిందీలో.

నా నోట్లోంచి "ఆయ్" తప్ప ఇంకో మాట రాలేదు.

అది ఏ భాషో తెలియకపోయినా ఒప్పుకున్నట్టే తీసుకున్నాడు యూసుఫ్. "గురువారం వఫ్రా తోటల దాకా నడిపి చూద్దాం. బండి మియా మియా ఉంటే నీ వీసా కాగితాలు వేసేద్దాం" అన్నాడు. మియా మియా అంటే నూటికి నూరు.

ఇంటికి ఫోను చేస్తే మా ఆవిడ, "యూరపంటే చలంటండి, మఫ్లరు ఉందా?" అంది. మర్నాటికి మా వీధి వీధంతా నాకు మఫ్లరు కొనే మాటలో పడిందట. ఇక వెళ్లకపోతే ఊళ్లో తలెత్తుకోలేను. నా పరిస్థితి మీకు అర్థమైంది కదా.

గ్యారేజీలో పెద్ద మెకానిక్ రాజయ్యన్న, జగిత్యాల మనిషి. బుధవారం ఇంజను, బ్రేకులు అన్నీ చూసి, "ఖలాస్‌రా సూరిగా, బండి బంగారం లెక్కున్నది. ఇగ దాన్ని ముట్టకు" అని చెప్పి రూముకు వెళ్లిపోయాడు.

ముట్టకు అన్నాడు. విన్నాను. కానీ ఆ టైర్లు మసగ్గా ఉన్నాయండీ. అన్ని దేశాలు తిరగబోయే టైర్లు అలా ఉంటే పాలిష్ పెట్టేవాడి పరువేం కావాలి? డబ్బా తీశాను. కారు టైరుకైతే పక్కలకే రాస్తాం, అడుగు వదిలేస్తాం. ఈ టైరు గుండ్రంగా ఉండి పక్క ఎక్కడ అయిపోతుందో, అడుగు ఎక్కడ మొదలవుతుందో నాకు అంతుపట్టలేదు. అనుమానం ఎందుకని మొత్తం రాసేశాను. మిగిలింది పారబొయ్యడానికి మనసొప్పక సీటుకు కూడా రాశాను. దూరంగా నిలబడి చూస్తే నాకే కళ్లు చెమర్చాయి.

గురువారం పొద్దున్నే యూసుఫ్ వచ్చాడు. "వెనక సీటు మీద సామాను ఇంకా కట్టలేదు. ఆ బరువుకి బదులు నువ్వెక్కు. యల్లా, పద" అన్నాడు.

సామానుగానైనా సరే, ఆ బండి ఎక్కానా లేదా? హెల్మెట్ పెట్టుకుని రాజులా కూర్చున్నాను. కూర్చున్న చోట నిలవడం లేదని తెలుస్తూనే ఉంది. ముందుకు జారాను, వెనక్కి జారాను, యూసుఫ్ నడుం పట్టుకున్నాను.

"కదలకు" అన్నాడు.

"నేను కదలట్లేదండీ, సీటు కదుపుతోంది" అని తెలుగులోనే చెప్పాను.

గేటు దాటి మలుపు తిరగడానికి బండిని కాస్త వంచాడు. అంతే, అది ఎండకు అలిసిన గేదెలా మెల్లగా పక్కకు ఒరిగి పడుకుంది. మెల్లగా వెళ్తున్నాం కాబట్టి సరిపోయింది. సామాను మాత్రం బండి పడకముందే ఇసకలో దిగిపోయింది.

ఎదురు టీకొట్టు దగ్గర అందరూ గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు. యూసుఫ్ లేచి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. విరిగిన అద్దం వైపు చూడనేలేదు. నా చేతులు, కాళ్లు తడిమి, దెబ్బలేం లేవని తేల్చుకున్నాకే బండి దగ్గరికి వెళ్లాడు. టైరు మీద వేలితో రాసి వాసన చూశాడు.

"ఏంటిది?"

"పాలిష్, బాబా. యూరప్ కోసం."

ఈలోగా వచ్చిన రాజయ్యన్న నెత్తి కొట్టుకున్నాడు. "గుండుకు నూనె రాసినట్టు రాసినవ్ కదరా. ముట్టకు అంటే నీ చెవులేడ వోయినయ్?"

యూసుఫ్ తిట్టలేదు. నన్ను గోడ మీది మ్యాపు ముందుకు తీసుకెళ్లి, ఆ జిలేబీ దారి మీద వేలు పెట్టాడు. "ఇక్కడ ఒక పక్క రాయి, ఒక పక్క లోయ. నీ పాలిష్ సంగతి ఇక్కడ బయటపడి ఉంటే?" అన్నాడు. అప్పుడర్థమైంది నేను చేసిన పని. ఆ మనిషిది ఎంత ఓర్పండీ! అతని స్థానంలో నేనుంటే పాలిష్ డబ్బా నా చేత తాగించేవాణ్ని.

వ్యాను తోలే పని రాజయ్యన్నకు వెళ్లింది. మా వీధికి నా మఫ్లరు మాట మాత్రం మిగిలింది.

యూరప్ నుంచి తిరిగొచ్చిన రాజయ్యన్న వెంట పడ్డాను. "అన్నా, మంచు కొండలు ఎలా ఉన్నాయండీ?"

"నాకేమెరుక? పొద్దుగాల లేసుడు, టైర్లు కడుగుడు. ఎక్కేముందు యూసుఫ్ ఏలుతోని రాసి వాసన చూస్తడు. ఆయనను చూసి దోస్తులు గూడ షురూ వెట్టిన్రు. అందరి టైర్లు నేనే కడిగిన. హోటలోళ్లు గిదేందో పూజనుకొని ఫొటో గూడ దీసిన్రు."

ఆ ఫొటో ఇచ్చాడు. ఆకాశంలో సగం నిండిపోయిన తెల్లటి కొండ, ఎంత చూసినా తరగనంత కొండ. దానికి వీపు పెట్టి, గొంతుక్కూర్చుని, నురుగు చేతులతో టైరు తోముతున్న రాజయ్యన్న.

ఆ ఫొటో మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో రెండు చక్రాల బండి టైరుకు పాలిష్ ముట్టించను. కాళ్లు పట్టుకున్నా ముట్టించను. తప్పి ముట్టిస్తే, ఆ బండి వెనక నన్నే సామానుగా కట్టి ఆ కొండ ఎక్కించండి. తాడు కాస్త గట్టిగా కట్టండి, సీటు మీద నాకు నమ్మకం లేదు.