పళ్లెం అంచున ఎండుద్రాక్షలు

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి కాఫీ పెట్టుకోవడానికి వెళ్లిపోయే రకం నేను. ఇంజనీర్‌ని. కార్ల బ్రేకులు ఎందుకు ఫెయిలవుతాయో కారణం వెతకడమే జీవితమంతా నా ఉద్యోగం. కారణం దొరకని బ్రేకు ఒక్కటీ నా చేతికి రాలేదు. అందుకే ఈ ఒక్క సంగతి నన్నింకా తినేస్తోంది.

ఎనభైల మొదట్లో మేం అమెరికాలో, మిషిగన్‌లోని నోవై అనే ఊళ్లో ఉండేవాళ్లం. నేనూ, మా ఆవిడ కామేశ్వరీ. పిల్లలు లేరు. ఆమె గుడ్డు ముట్టదు. గుడ్డు లేని కేకు మా చుట్టుపక్కల ఏ బేకరీలోనూ దొరికేది కాదు.

ఒకసారి లైబ్రరీ వాళ్లు పాత పుస్తకాలు అమ్మేస్తుంటే నాకొక వంటల పుస్తకం దొరికింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, సరుకులు రేషన్ మీద ఇస్తున్నప్పుడు, అమెరికా ఇల్లాళ్ల కోసం వేసింది. గుడ్లు, పాలు, వెన్న లేకుండా కేకు ఎలా చెయ్యాలో అందులో ఉంది. ఎండుద్రాక్షలు, పంచదార, దాల్చినచెక్క నీళ్లలో ఉడికించి, చల్లార్చి, మైదా, వంటసోడా కలిపి ఒవెన్‌లో పెట్టడమే. పంది కొవ్వు వెయ్యమన్నచోట నేను నూనె పోశాను. వాళ్లది కరువు, మాది మడి. కేకు మాత్రం ఒకటే.

ఆదివారాలు నేనే చేసేవాణ్ని. ఆమెకు ఆ కేకంటే ప్రాణం. అందులో ఉడికిన ద్రాక్షలంటే అసహ్యం.

"జోరీగల్లా ఉన్నాయండీ."

"పరమాన్నంలో తింటావుగా?"

"అవి నేతిలో వేగినవి. ఇవి నీళ్లలో మునిగి చచ్చినవి."

ఒక్కొక్కటే గిల్లి తీసి పళ్లెం అంచున వరసగా పెట్టేది. తన వంతు కేకు తినేసి, పళ్లెం నావైపు తోసేది. ఆ ద్రాక్షలు నేను నోట్లో వేసుకునేవాణ్ని.

తర్వాత కాన్సర్ అన్నారు. చలికాలం వచ్చేసరికి ఆస్పత్రిలో ఉంది. ఏదీ సహించేది కాదు. ఒకరోజు తనే అడిగింది. "ఆ యుద్ధం కేకు చేసుకురండి. ఈసారైనా ద్రాక్షలు వెయ్యకండి."

వెయ్యలేదు. ఒట్టి పంచదార పాకంతో చేసి పట్టుకెళ్లాను. అప్పటికే మింగే స్థితి దాటిపోయింది. చిటికెడు కేకు పొడి తీసి ఆమె పెదవులకు అంటించాను. ఆ పొడి అలాగే ఉండిపోయింది. మర్నాడు ఆమె పోయింది.

పదోరోజు మంత్రాలు చెప్పింది నా ఆఫీస్ స్నేహితుడు శర్మ. పోయినవాళ్లకి ఇష్టమైనది బయట పెడితే కాకి ముట్టాలి. ముట్టకపోతే కోరికేదో మిగిలిపోయినట్టు. నేను మళ్లీ అదే కేకు, ద్రాక్షలు లేకుండానే చేసి, వెనక వరండాలో చూరు కింద పెట్టాను. అంతా మంచు. ఒక్క పిట్ట లేదు.

"కాకులన్నీ ఫ్లోరిడా వెళ్లిపోయినట్టున్నాయిరా. ఉడుత ముట్టినా అడ్జస్ట్ అయిపోదాం," అన్నాడు శర్మ, నన్ను నవ్వించాలని. కాసేపు చూసి, "కోరిక తీరుస్తానని దణ్ణం పెట్టి చెప్పరా, ముడుతుంది," అన్నాడు.

"ఆ కోరికే కదరా అక్కడ పెట్టింది," అన్నాను.

ఇవేవీ నమ్మని నేను చీకటి పడేదాకా అద్దం తలుపు దగ్గరే నిలబడ్డాను. ఏదీ రాలేదు.

పొద్దున్న తలుపు తీస్తే కేకు మొత్తం మాయం. మంచు మీద ఒక్క అడుగు జాడ లేదు. పళ్లెం అంచు చుట్టూ ఉడికిన ద్రాక్షలు, పూసలదండలా, ఇంకా వెచ్చగా.

ఆగండి. చెప్పీ చెప్పీ ఇలా పెంచడం అలవాటైపోయింది. జరిగింది చెబుతాను. కేకు మాయం కాలేదు, ఒక మూల విరిగింది, అంతే. తెల్లవారుజామున మళ్లీ మంచు కురిసింది కాబట్టి అడుగులున్నా కప్పేసి ఉంటుంది. వెచ్చగానూ లేవు, రాళ్లలా గడ్డకట్టాయి. దండ కూడా కాదు. మూడంటే మూడు ద్రాక్షలు.

కానీ ఆ మూడూ వరసగా ఉన్నాయి. ఉడికి ఉబ్బి ఉన్నాయి. కేకులో నేను ద్రాక్ష వెయ్యలేదు. ఇంట్లో పొట్లమే లేదు. తను కాదని శర్మ ఒట్టు పెట్టాడు. పోయేదాకా అదే మాట మీద ఉన్నాడు.

రుజువేదీ అంటారేమో. తినేశాను. పళ్లెం చేతిలోకి రాగానే, ఎప్పటిలాగే, ఆలోచించకుండా. గుటక పడ్డాకగానీ ఏం తిన్నానో తెలిసిరాలేదు.

తృప్తిగా తినే వెళ్లిందా, ఒక ముక్క విరిచి తినలేక వదిలేసిందా? ఇన్నేళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాను. నాకు అంతుబట్టలేదు.

ఏటా ఆ రోజున కేకు చేసి అక్కడే పెడతాను. ఇప్పుడు ద్రాక్షలు గుప్పెళ్లతో పోస్తున్నాను, ఏరి పడెయ్యడానికి ఆమెకు ఏదైనా ఉండాలి కదా అని.

ఈమధ్య కాకులు బాగానే వస్తున్నాయి. ద్రాక్షలతో సహా మొత్తం తినేసి పోతాయి. పళ్లెం అంచు శుభ్రంగా ఉంటుంది.