కాలని ఇల్లు

ఎండకు కాగిన ఇటుక మీద నీళ్లు పడితే ఒక వాసన వస్తుంది. నాకు అది యాకోబు మావయ్య వాసన. ఈ మధ్యాహ్నం భిలాయి ఖుర్సీపార్‌లో మా పెరటిగోడ కడుగుతుంటే అది గుప్పుమంది. చీపురు చేతిలో ఉండగానే పక్కింటి వైపు చూశాను. ఆయన పోయి నాలుగేళ్లయింది. అయినా ఆ గోడ దగ్గర నాకు దిగులు రాదు, గర్వం వస్తుంది.

ఆయన మాకు చుట్టమేమీ కాదు, పక్కింటాయన. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, స్టీలు ప్లాంటులో ఫర్నేస్‌ల లోపల ఇటుకలు పేర్చే మేస్త్రీగా స్థిరపడ్డాడు. సంతకం తప్ప రాత రాదు. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని అందరికంటే గట్టిగా పాడేవాడు. మా పెరటిగోడ ఆయన కట్టిందే, ప్లాంటు వేలం వేసిన పాత ఫర్నేస్ ఇటుకలతో. నా తొమ్మిదో ఏట ఆ గోడలో నల్లబడి మెరుస్తున్న ఇటుకలు చూసి, మా ఇల్లు ఒకప్పుడు తగలబడిందని వీధంతా చాటాను. మావయ్య నా చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్లాడు.

“ఏటే గుంటా, ఈ ఇటుక ఎటేపు కాలింది?”

“బయటికి.”

“దీని పక్కది?”

“లోపలికి. ఆ పైది పక్కకి.”

“మరి అగ్గి అన్నేపుల నుంచీ వొస్తాదేటి? ఇక్కడే కాలుంటే అన్నీ ఒకేపు కాలాల. ఇయి ఎక్కడో కాలి ఇక్కడికొచ్చినాయి. అదీ దగ్గర్నుంచే. ఇంత బరువు దూరం నుంచి ఎవడు మోస్తాడే? తడిమి సూడకుండా గోడకి నిప్పెట్టీకు.”

ఆ రోజు నుంచి అది మా ఇద్దరి ఆట. డ్యూటీ నుంచి వచ్చి, నన్ను కళ్లు మూసుకోమని చేతికి ఇటుక ఇచ్చి, అగ్గి మొహం, అంటే కాలిన వైపు, ఎటుందో తడిమి చెప్పమనేవాడు. తప్పు చెబితే మొట్టికాయ. ఒప్పు చెబితే ఇంకో ఇటుక. అంతకు మించిన బహుమానం ఉంటుందని ఆయనకు తెలియదు.

ఇప్పుడు నేను భిలాయిలోనే, సుపేలాలో ఒక డ్రాయింగ్ ఆఫీసులో పనిచేస్తున్నాను. విదేశాల్లో తవ్వకాలు జరిపేవాళ్లు ఫోటోలు పంపితే, ఇటుక ఇటుకా కొలిచి ప్లాన్లు గీస్తాం. పోయినేడాది ఇటలీలోని ఒక నగరం నుంచి పని వచ్చింది. కొత్త భవనానికి పునాది తీస్తుంటే, కింద రోమన్ల నాటి ఇల్లు బయటపడింది. గోడల నిండా కాలిన ఇటుకలు. ఇల్లు అగ్నిప్రమాదంలో కాలి కూలిందని వాళ్లు తేల్చేశారు. ఇంకో వారంలో స్థలం బిల్డర్ల చేతికి వెళుతుంది, తర్వాత దాని మీద కాంక్రీటే.

మూడో గోడ గీస్తుండగా నా చెయ్యి ఆగిపోయింది. ఒక ఇటుక బయటికి కాలింది. దాని పక్కది లోపలికి.

మా ఆఫీసు యజమాని తల పట్టుకున్నాడు. “దీదీ, ఛోడో నా, వదిలెయ్యండి. వాళ్లు చెప్పింది గియ్యడమే మన పని. మీ మాట తప్పయితే ఈ పనీ పోద్ది, మీ కుర్చీ కూడా పోద్ది.”

నాకూ భయమేసింది. అయినా ప్రతి ఇటుక మీదా కాలిన వైపుకు ఒక బాణం గుర్తు వేసి పంపేశాను. మర్నాడు వీడియో కాల్‌లో తవ్వకాల పెద్దావిడ చాలాసేపు ఆ బాణాలు చూసింది. “అయితే ఇవి ఎక్కడ కాలాయి?” అని అడిగింది.

“కొలిమిలో. అది దగ్గరలోనే ఉండాలి. ఇంత బరువు దూరం నుంచి ఎవరూ మొయ్యరు.”

నాలుగు రోజుల తర్వాత ఫోటో వచ్చింది. ఆ ఇంట్లో ఒక గది నేల తవ్వితే, ఇంటికంటే పాతదైన స్నానాల గదికి నీళ్లు కాచిన కొలిమి బయటపడింది. దానిలో మిగిలిన ఇటుకలన్నీ ఒకే వైపుకు కాలి ఉన్నాయి. నేను కుర్చీ మీంచి లేచి కేక పెట్టాను. యజమాని వీధి చివర నుంచి వేడి జిలేబీ తెప్పించాడు. ఆ వారం కాంక్రీటు పడలేదు, ఇక పడదు కూడా. ఇల్లును అలాగే ఉంచి, పైన అద్దపు నేల వేస్తున్నారు.

ఈ పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకున్నారని నివేదిక కోసం అడిగారు. ‘యాకోబు మేస్త్రీ, ఖుర్సీపార్, భిలాయి’ అని రాసిచ్చాను. అలాగే అచ్చయింది. దీనమ్మ అత్తకు చదివి వినిపిస్తే, భర్త పేరు మీద వేలు పెట్టి నవ్వింది.

“ఆయన్ని పెద్ద సదువు సదివినోడనుకుంటారేమోనే.”

“అనుకోనీ అత్తా. చదివాడు కదా.”

గోడ కడగడం అయిపోయింది. కళ్లు మూసుకుని తడి ఇటుక ఒకటి తడిమాను. అగ్గి మొహం ఎడమవైపు. కళ్లు తెరిచి చూశాను, ఒప్పే. ఇంకో ఇటుక ఇయ్యి మావయ్యా.