సోషల్ సార్ చదివిన చిన్న దేశం

సోషల్ సార్ పోయి పన్నెండు రోజులైంది. ఆ పొద్దున నేను కుట్టుమిషన్‌కు నూనె వేస్తుంటే పక్కింటామె పరుగున వచ్చి, "సార్ నిద్రలోనే పోయినాడంటమ్మా" అంది. నూనె సీసా చేతిలో పట్టుకునే సార్ ఇంటికి పోయాను. ఆరు నుంచి పది దాకా నాకు పాఠాలు చెప్పిన మనిషి ఆయన. రిటైరయ్యాక గార్లదిన్నె దగ్గరి మా ఊళ్ళోనే ఉండిపోయి, రోజూ నా అంగడి ముందు బల్ల మీద పేపరు చదివేవారు. చదివింది నాకు చెప్పందే లేచేవారు కాదు. పని చెడుతోందని నేను విసుక్కున్నా ఆయన చెవికెక్కేది కాదు.

బడిలో క్లాసు లీడరును చింతగింజలు వేసి ఎన్నుకోమనేవారు. ఓడినవాళ్ళే ముందు చప్పట్లు కొట్టాలి. ఒకసారి నేను ఓడి ఏడిస్తే, "ఏడుపు తర్వాత. ముందు చప్పట్లు కొట్టు" అన్నారు. అప్పుడు ఆయన మీద ఒళ్ళు మండింది.

మా ఊళ్ళో మాత్రం సర్పంచికి ఓట్లు పడి ఎరగం. పెద్దమనుషులు కూర్చుని ఒక పేరు అనుకుంటారు, మిగతావాళ్ళు తల ఊపుతారు. పోయినసారి సీటు ఆడవాళ్ళకు వచ్చిందని నేను నామినేషన్ వేశాను. నన్ను ప్రతిపాదిస్తూ సంతకం పెట్టింది సారే. ఉపసంహరణ రోజు పెద్దమనుషులు మా ఇంటికొచ్చి, "ఊరు రెండు ముక్కలైతే పాపం నీదేమ్మా" అన్నారు. వెనక్కి తీసుకున్నాను. సార్‌కు ముఖం చూపించలేక నాలుగు రోజులు అంగడి తెరవలేదు. తెరిచిన రోజు ఆయన వచ్చి ఎప్పటిలాగే పేపరు విప్పారు. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

పోయినేడు ఒకనాడు లోపలి పేజీలోని చిన్న వార్త చదివి వినిపించారు. యూరప్‌లో లీచ్‌టెన్‌స్టైన్ అనే దేశంలో పార్లమెంటు ఎన్నికలు జరిగాయట.

"దేశమంతా కలిపినా మన మండలమంత ఉంటాదేమో. సభ్యులు ఇరవై ఐదుగురంట."

"ఆ మాత్రానికి ఓట్లెందుకు సార్? నలుగురు పెద్దలు కూర్చుని అనుకుంటే పోలా?" అన్నాను. నోరు జారాక గానీ ఎవరి మాట పలికానో తెలియలేదు.

ఆయన కళ్ళద్దాలు తీశారు. "వాళ్ళకు పెద్దమనుషులేంది, రాజే ఉండాడు. అయినా జనాన్ని అడుగుతాండారమ్మా."

మిషన్ ఆపేశాను. "నేను భయపడినా సార్."

"తెలుసు. వానకు తేదీ లేదు, ఎన్నికకు ఉండాది. మళ్ళా వస్తాదిలే."

నిన్న ఆయన పెద్దకర్మ. భోజనాల దగ్గర పెద్దమనుషుల్లో ఒకాయన, "సార్ మంచోడు. ఆయన పేరు చెప్పుకోనైనా వచ్చే నెల సర్పంచి ఎన్నిక ఈసారీ పోటీ లేకుండా కానిద్దాం" అన్నాడు. బంతి పొడుగునా తలలు ఊగాయి. నాకు సార్ ఉంటే బాగుండునని ఏడుపొచ్చింది.

"లేదన్నా. నేను నిలబడతాండా. ఈసారి వెనక్కి తీసుకోను" అన్నాను.

లోపల గోడకానుకుని కూర్చున్న సార్ భార్య తలెత్తారు. ఆ పదకొండు రోజుల్లో ఆమె గొంతు ఎవరూ విన్నది లేదు.

"ఆ నామినేషన్ కాగితం నా దగ్గరికి తీసుకురామ్మా. సంతకం నేను పెడతా" అన్నారు.

ఈసారి బంతిలో ఒక్క తలా ఊగలేదు. విస్తళ్ళలో మజ్జిగన్నం కలిపిన చేతులు కలిపినట్టే ఆగిపోయాయి.