పైసా రాలని షెడ్డు

మా మేనత్త పిసినారి. ఈ మాట చాటుగా అనక్కర్లేదు, ఎదుటే అనొచ్చు. పొగడ్త ఊరికే వచ్చిందని సంతోషిస్తుంది. వాడిన టీ పొడిని రెండోసారి మరిగించేవాళ్లను చాలామందిని చూశాను. అత్తయ్య మూడోసారి మరిగించి, "చూశావా, ఇంకా రంగు దిగుతోంది!" అని మురిసిపోతుంది.

అలాంటి మనిషి పెరట్లోని పాడుబడ్డ షెడ్డును బాగుచేస్తానని ప్రకటించేసరికి మామయ్య పేపరు కింద పెట్టేశాడు. ఆ షెడ్డు కంటికి కనపడి ఏళ్లయింది. తీగలు కమ్మేసి, కప్పు మీద పిచ్చిమొక్కలు మొలిచి, తలుపు ఎటుందో తడుముకోవాల్సి వచ్చేది.

"పనికి మనిషిని పెడదామా?" అన్నాడు మామయ్య.

"ఎందుకూ, నాకు చేతుల్లేవా?"

చేతులున్నాయి. సామానే లేదు. ఎవరో ఇల్లు పడగొడుతుంటే వెళ్లి పాత చెక్కలు అడిగి తెచ్చింది. వంకరపోయిన మేకుల్ని రాతి మీద పెట్టి సాపు చేసింది. నేను తీగలు పీకుతుంటే, "మెల్లగా లాగరా! తాడుకి పనికొస్తాయి" అని కసిరింది.

పక్కింట్లో ఒక ముసలి వడ్రంగి ఉండేవాడు. భార్య పోయాక పనిముట్లన్నీ మంచం కిందకి తోసేసి, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుండిపోయాడు. పలకరిస్తే మొహం తిప్పుకునేవాడు. అత్తయ్య సరిగ్గా ఆయన కళ్లెదుట షెడ్డు తలుపు బిగించింది. తలకిందులుగా!

ఆయన చూశాడు. కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకున్నాడు. మర్నాడు అత్తయ్య కప్పు చెక్కల్ని లోపలికి వాలుగా పరిచింది.

"ఏమ్మా! వాన నీళ్లు లోపల పట్టుకుంటావా?" అని గోడ అవతలినుంచి కేక. ఆ గొంతు విని వీధి వీధంతా ఉలిక్కిపడింది.

"తప్పా అన్నయ్యగారూ? నాకేం తెలుసు!"

"తెలియకపోతే ముట్టుకోకు!"

"పోనీ, మీరే చెప్పండి."

చెప్పాడు. అత్తయ్య శ్రద్ధగా విని, ఇంకా ఘోరంగా చేసింది. ఆ ఘోరం చూడలేక ఆయన మంచం కింద నుంచి రంపం, ఉలి లాగి, చుట్టూ తిరిగి వచ్చే ఓపిక కూడా లేక, ఆ వయసులో పిట్టగోడ దాటి వచ్చేశాడు.

"ముందు నువ్వు పక్కకి తప్పుకో తల్లీ!"

అప్పట్నుంచీ రోజూ పని, రోజూ తిట్లు, రోజూ మూడోసారి మరిగిన టీ. "ఇది టీయా, గిన్నె కడిగిన నీళ్లా?" అనేవాడు. తాగేవాడు.

షెడ్డు నిలబడింది. తలుపు వేలితో తోస్తే చాలు, తెరుచుకుంటోంది. అత్తయ్య తాళంచెవి తీసుకెళ్లి వడ్రంగి చేతిలో పెట్టింది.

"లోపల పెట్టుకోవడానికి మాకేముంది అన్నయ్యగారూ? మీ పనిముట్లు పెట్టుకుని పని చేసుకోండి. ఖాళీగా ఉంటే ఎలకలు చేరతాయి."

ఆయన "ఎలకలంట, ఎలకలు!" అని గొణుగుతూ తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

"ఊరికే వడ్రంగిని సంపాదించావు అత్తా!" అని నవ్వాను.

మామయ్య నా వైపు జాలిగా చూశాడు. "పిచ్చివాడా, ఈ ఇంటి తలుపులూ కిటికీలూ అన్నీ బిగించింది ఎవరనుకున్నావ్? మీ అత్తే!"

"ష్! ఆయన వింటాడు," అని అత్తయ్య గొంతు తగ్గించింది. "ఏం చేయమంటావురా? ఓదార్చడానికి ఉత్త చేతుల్తో వెళ్లలేం కదా. పళ్లు కొనాలి. పళ్లు ఎంత మండిపోతున్నాయో తెలుసా నీకు?"