ఇంకొంచెం

కారు ఇంజన్లో స్పార్క్ ప్లగ్గు కూర్చునే చోట మరలు అరిగిపోతే అందరూ ఈ షెడ్డు మేస్త్రి దగ్గరికే వస్తారు. మర కోసే ట్యాపుకు గ్రీజు పూసి, అర చుట్టు ముందుకు, కాస్త వెనక్కి తిప్పుతూ రజను బయటికి తీస్తాడు. కొత్త మరలున్న స్టీలు తొడుగు దించి, ప్లగ్గును మునివేళ్ళతో ఎక్కించి, చివర్లో పానాతో ఒక్క పట్టు పడతాడు. "ఇంకొంచెం బిగించండి" అని బతిమాలేవాళ్ళకు ఒకటే జవాబు: "బిగిసిందండీ. ఇంకా తిప్పించేది మీ భయం." ఇంట్లోనూ అదే చెయ్యి. ఆయన మూత పెట్టిన డబ్బాను మూత పట్టుకుని ఎత్తితే మూత భార్య చేతిలో, పంచదార నేలమీద.

ఇవాళ కూతురు మొదటిసారి ఒక్కతే కారులో పొరుగూరికి బయల్దేరుతోంది. మేస్త్రి బానెట్ ఎత్తి, తాను బిగించిన ప్లగ్గును పానాతో చూశాడు. బిగువుగానే ఉంది. ఇంకొంచెం తిప్పాడు. మరికాస్త. లోపల మరలు తెగి, పానా చేతిలో ఉన్నట్టుండి తేలికైపోయింది.

"వెళ్ళనా నాన్నా?" అంది కూతురు స్టీరింగ్ ముందు నుంచి.

"దిగు తల్లీ," అన్నాడు, "ఇవాళ్టికి బస్సులో వెళ్ళు."