నాన్న బిగించిన చోట

ఇదివరకు మా మెకానిక్ షెడ్డులో ఇంజను చప్పుడు వినబడ్డాకే నేను టీ పెట్టేదాన్ని. మావారు పొద్దున్నే బండి స్టార్టు చేసి, చెవి ఒగ్గి, రోగమేమిటో తేల్చుకుని గానీ గ్లాసు పట్టేవారు కాదు. ఆయన పోయాక షట్టరు ఎత్తిన చప్పుడుకే టీ పెట్టేస్తున్నాను. మా అమ్మాయి ఇంజను చల్లగా ఉండగానే టార్చి వేసి, ప్రతి గొట్టాన్నీ వేలితో తడిమి చూస్తుంది. స్టార్టు చెయ్యడం ఆఖరున.

మా మరిదిదీ ఆ షెడ్డులోనే పని. అన్న లేకపోయాక ఆడపిల్లను నమ్మి బండ్లెవరిస్తారని ఆయన బెంగ. చేతిలో ఉన్న పాత వ్యాను బాగైతే సరే, లేదంటే షెడ్డు అద్దెకిచ్చేద్దామన్నాడు. అమ్మాయి టార్చి తీసుకుని వ్యాను దగ్గరకు నడిచింది.

ఆ వ్యాను ఒక పెద్దాయనది. లోపల మంచం, పొయ్యి, కిటికీలకు తెరలు. మొగుడూ పెళ్ళాలు అందులోనే ఊళ్ళు తిరుగుతారు. యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చాలు, సైలెన్సరులో ఢామ్మని పేలుతోంది.

“మీ వీధిలోకొస్తే హారన్ కొట్టే పనే లేదమ్మా. కుక్కలు కూడా దారిస్తున్నాయి” అన్నాడాయన. నవ్వుతూనే అన్నాడు గానీ, ఈసారీ పేలితే వేరే షెడ్డు చూసుకుంటానని కూడా చెప్పాడు.

మరిది ప్లగ్గులు మార్చాడు, సైలెన్సరు అతుకులు బిగించాడు. అమ్మాయి టైమింగు సరిచూసింది. పేలుడు పోలేదు. పెట్రోల్లో గాలి కలిపే కార్బురేటరు జోలికి మాత్రం ఇద్దరూ పోలేదు. మావారు మంచం పట్టేముందు చేసిన ఆఖరి పని, ఆ కార్బురేటరు విప్పి కడిగి బిగించడం. ఆయన బిగించిన చోట మళ్ళీ చెయ్యి పెట్టడమంటే మా ఇంట్లో ఆయన్ని శంకించినట్టే.

చివరికి అమ్మాయి వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడింది.

“ఇంకొక్క చోటే మిగిలిందమ్మా” అంది.

చూడమన్నాను. తన వెంటే వెళ్ళాను.

ఇంజను నడుస్తుండగా కార్బురేటరు అడుగున అతుకు చుట్టూ సబ్బునీళ్ళు చుక్కచుక్కగా వేసింది. అంతటా కారిపోయాయి. ఒక మూల మాత్రం గుటుక్కున లోపలికి పోయాయి, ఇంజను గొంతు మారింది. అక్కడి నుంచి గాలి దొంగచాటుగా దూరుతోందట. గాలి ఎక్కువై, లోపల సరిగా మండని పెట్రోలు సైలెన్సరులోకి పోయి పేలుతోందట. ఆ మూల నట్టు వేళ్ళతోనే తిరిగింది. దానికి స్పానరే పడలేదు. చివరి రోజుల్లో ఆయన చేతులు వణికేవి.

అమ్మాయి అతుకు మధ్య గాలి దూరకుండా కొత్త ప్యాకింగు వేసి, నట్లన్నీ బిగించింది. మరిది దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

“ప్యాకింగు పాతబడిందని చెప్పు. అన్నయ్య పేరెందుకు మధ్యలో?”

పెద్దాయన వచ్చాక అమ్మాయి బండి పక్కనే నిలబడి చెప్పింది. “ఒక నట్టు బిగించడం నాన్న మరిచిపోయారండీ. ఇప్పుడు నేను బిగించాను. మీరే నడిపి చూడండి.”

ఆయన బండెక్కాడు. వీధి చివర పల్లంలో కాలు తీసి ఉంటాడు. మేం ముగ్గురం అటే చెవి ఒగ్గి నిలబడ్డాం. ఎక్కడా చప్పుడు లేదు.

తిరిగొచ్చి తాళాలు అమ్మాయి చేతిలో పెట్టాడు. “మీ నాన్న కూడా తన తప్పు తనే చెప్పేవాడు. బ్రేకులు కూడా చూడు తల్లీ, తొందరేం లేదు.”

మరిది అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. నాకైతే ఆ పూట అన్నం తినకుండానే కడుపు నిండింది.

ఎందుకైనా మంచిది, గోడకున్న స్పానర్లన్నీ దించి మూట కట్టి ఉంచు వదినా అని మరిది పొద్దున చెప్పి ఉన్నాడు. నేను ఒక్కటీ దించలేదు.