ఎడమచేతి వంతు

నలభై దాటాక, మా ఊరి చర్చి వరండాలో సాయంత్రం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. తర్వాత బద్వేలులో ఆడవాళ్ళ కౌన్సెలింగ్ కేంద్రంలో పని దొరికింది. నిదానంగా కూర్చోవాలి, ఎదుటివాళ్ళను మాట్లాడనివ్వాలి, మన సొంత సంగతులు మధ్యలోకి తేకూడదు అని శిక్షణలో చెప్పారు. మొదట్లో అలాగే బిగుసుకుని కూర్చునేదాన్ని. మా యాసను కూడా గడప బయటే వదిలి వచ్చేదాన్ని.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఒకామె పదేళ్ళ కూతురిని తీసుకొచ్చింది. చెల్లెలు జ్వరంతో పోయినప్పటినుంచి ఆ పిల్ల నోరు విప్పలేదట.

"మాట సంగతి అట్లుండనీ మేడమ్, దీని ఎడమచెయ్యి చూడు," అంది తల్లి. "దాని పాటికి అదే ఎగురుతాండాది. సచ్చిపోయిన చిన్నది దీన్ని పట్టుకోనుండాది. రేపు దయ్యాలు వదిలించే ఆయప్ప దగ్గరికి తీసకపోతాండా. వేపమండలతో కొడతాడంట. మా ఆడబిడ్డ ఒకసారి ఈడ చూపించమంటే వచ్చినా."

చూశాను. ఖాళీ చెయ్యి పైకి లేచింది. వేళ్ళు ఒళ్ళో దేన్నో ఊడ్చి, గాల్లోంచి ఇంకేదో అందుకున్నాయి. ఆ చెయ్యి నాకు తెలుసు.

మా వాకిట్లో అచ్చనగాయలు ఆడేటప్పుడు ఒక పద్ధతి ఉండేది. ఒక రాయి ఎగరేసి, అది పడేలోపు కింది రాళ్ళు ఏరుకునే ఆట అది. జతగత్తె నీళ్ళకో, మేకలకో లేచి వెళ్తే ఆట ఆపరు. ఆమె వచ్చేదాకా ఆమె వంతు మనమే ఎడమచేత్తో ఆడాలి. మా చెల్లెలు కూడా అట్లాగే ఆట మధ్యలో లేచి వెళ్ళింది. పొలంలో పాము కరిచింది, తిరిగి రాలేదు. నాకు పెళ్ళయ్యేదాకా దాని వంతు ఆడుతూనే ఉన్నాను. ఇప్పటి పిల్లలకు ఆ పద్ధతి తెలుసనుకోలేదు.

పూలకుండీలోంచి గులకరాళ్ళు ఏరుకుని, నాపబండల మీద చతికిలబడ్డాను.

"ఇదేంది మేడమ్, కుర్చీ ఉండంగా?" అంది తల్లి.

"రాయే పాపా. నేను ఆడతాంటే మా ఊర్లో కోళ్ళు గూడా మేత మాని చూస్తాండె."

పిల్ల నవ్వలేదు గానీ దిగి కూర్చుంది. నేను ఆడాను. తను కుడిచేత్తో ఆడింది. మళ్ళీ నేను రాళ్ళు తీసుకోబోతే నా మణికట్టు పట్టుకుంది.

"నీది కాదు. దాని వంతు."

గొంతు బొంగురుగా ఉంది. రాళ్ళు ఎడమచేతికి మార్చుకుని ఎగరేసింది. ఒకటి జారిపోయింది.

"ఎప్పుడూ ఇంతే," అని గొణిగింది. "శానా తొందర దానికి."

తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా చెల్లెలి సంగతి, దాని వంతు ఎడమచేత్తో ఆడిన సంగతి తల్లికి చెప్పాను. ఆ గదిలో నా సొంత సంగతి చెప్పడం అదే మొదలు.

"నేనూ ఆడింటి," అందామె, కూతురి ఎడమచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని. "ఎట్ల మర్సిపోతి? ఆయప్ప దగ్గరికి పోములే నాయనా."

గడప దగ్గర తల్లి ఆగి వెనక్కి తిరిగింది.

"దాని వంతు ఇంగ ఎన్నాళ్ళు ఆడాలక్కా?"

వాళ్ళు వెళ్ళాక రాళ్ళు ఏరుకుని కుండీలో వేద్దామని వంగాను. అవి నా ఎడమచేతిలో ఉన్నాయి.